సూదాయన వచ్చే దారి

ఆ రోజుల్లో ఊళ్లు చూడడానికని ఎవరూ సైకిలెక్కేవాళ్లు కాదు. ఇప్పుడు మా మనవడు తెల్లవారకముందే నెత్తిన రంగు టోపీ పెట్టుకుని, నీళ్ల సీసా తగిలించుకుని, స్నేహితుల గుంపుతో మైపాడు దాకా తొక్కుకుంటూ పోయి, సముద్రాన్ని ఓసారి చూసి అదే దారిన వెనక్కి వస్తాడు. ఎందుకురా అంటే, ఊరికే తాతయ్యా అంటాడు. ఊరికే తొక్కడమనేది మా కాలంలో లేదు. అవే దారులు నేను ఎన్ని వందల సార్లు తొక్కానో నాకే తెలియదు, కానీ వెంట మనిషన్నవాడు లేడు. ఉన్నదల్లా మూడు చేతులు మారి నా దగ్గరికొచ్చిన సైకిలూ, దాని వెనక తాడుతో కట్టిన టీకాల పెట్టే.

అరవైల మొదట్లో, మీసం ఇంకా సరిగా కుదురుకోని వయసులో, నాకు మశూచి టీకాలు వేసే ఉద్యోగం వచ్చింది. మాది మెట్ట వైపు చెరువు కింద వరి పండించే కుటుంబం. ఇంట్లో ఒక పూట అన్నానికి కూర్చుంటే వరస ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండేది. ఒక్కడినే కూర్చుని తినడమంటే జ్వరం వచ్చినప్పుడు తప్ప ఎరగను. అలాంటివాణ్ణి ఇందుకూరుపేటలో ఒక అద్దె గదిలో పడేసి, సముద్రం ఒడ్డు జాలరి పాలేలన్నీ నీవేనన్నారు. మా అమ్మ వీధి చివరిదాకా వచ్చి, గవర్నమెంటు ఉద్యోగస్థుణ్ణి జనం చుట్టుముడతారు, అందరితో మంచిగా ఉండు నాయనా అని చెప్పింది. (జనం చుట్టుముట్టే ఉద్యోగాలు వేరే ఉన్నాయని పాపం ఆమెకు తెలియదు.)

దారి మాత్రం చెప్పుకోదగ్గ దారి. పొద్దున్నే బయల్దేరితే మొదట పెన్న కరకట్ట. ఎడమ పక్క ఇసుక, ఇసుక మధ్యలో పాయలుగా నీళ్లు, కుడి పక్క వరిచేలు. కట్ట దిగితే ఊరుమ్మడి బీడు. అక్కడ గేదెలు మేస్తుంటాయి, వాటిని తోలుకొచ్చినవాళ్లు ఎక్కడో నిద్రపోతుంటారు. బీడు దాటితే సరుగుడు తోపు. తోపులో గాలి ఎప్పుడూ ఎవరో గుసగుసలాడుతున్నట్టే ఉంటుంది, తీరా ఆగి వింటే ఎవరూ ఉండరు. తోపును చుట్టుకుని పోయే బండ్ల బాట పట్టుకుంటే నేను చెప్పబోయే పాలెం వస్తుంది, ఆ వెనకే సముద్రం. ఈ దారి పొడుగునా మాట్లాడడానికి మనిషి దొరక్క నేను గేదెలకు మశూచి గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. అవి నెమరు వేస్తూ శ్రద్ధగా వినేవి. అంత శ్రద్ధ తర్వాత నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో మళ్లీ చూడలేదు.

పాలెంలో మాత్రం వినేవాడు లేడు. నేను వెళ్లేసరికి ఊరు ఖాళీ. అక్కడ నన్ను సూదాయన అనేవాళ్లు. నా దగ్గరున్నది సూది కూడా కాదు, పళ్లున్న చిన్న బిళ్ల, చేతిమీద ఆనించి తిప్పాలి. కానీ పేరు పెట్టేవాళ్లు ఆగి చూస్తే కదా. బాట మొదట్లో ఒక తాటిచెట్టు, దానిమీద ఎప్పుడూ ఒకాయన. తాటిచెట్టు మామ అనేవాళ్లు. మద్యనిషేధం ఉన్న రోజులవి, ఆయన పైన ఏం చేస్తున్నాడో అడగడం నా శాఖ పని కాదని ఊరుకునేవాణ్ణి. నా సైకిలు బీడులోకి దిగుతుండగానే ఆయన ఒక కూత వేసేవాడు. అంతే, ఆడా మగా పిల్లా జెల్లా మాయం. ఒక్క ముసలావిడ మాత్రం గుడిసె ముందు కూర్చుని కోళ్లను కాస్తుండేది. చిన్నతనంలోనే అమ్మవారు పోసి ముఖమంతా మచ్చలు పడిన మనిషి, ఇక నా టీకాతో ఆమెకు పని లేదు. అందుకని ఊరంతా కలిసి ఆమెను కాపలా పెట్టేది. నేను కాపలా అవ్వ అని పేరు పెట్టుకున్నాను. అందరూ ఎక్కడికి పోయారవ్వా అంటే పనికి పోయినారనేది. పసిపిల్లలు కూడానా అంటే, వాళ్లకీ పనుంది అనేది. ఆ తర్వాత కోళ్లతో తప్ప నాతో మాట్లాడేది కాదు.

ఇసుకలోకి లాగిన పడవ నీడన కూర్చుని, తెచ్చుకున్న పెరుగన్నం విప్పుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే టీకాలు ఎన్ని పడ్డాయన్న బెంగ నాకు అంతగా లేదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, ఏ ఊరు, ఎవరి పిల్లోడివి అని అడిగితే చాలునని ఉండేది. ఉద్యోగం వదిలేసి ఇంటికి పోదామని ఎన్నోసార్లు అనుకున్నాను. పోతే మా నాయన ఏమంటాడో తెలుసు గనుక మళ్లీ సైకిలెక్కేవాణ్ణి. ఒక సంగతి మాత్రం అర్థమయ్యేది కాదు. పొయ్యిలు వెచ్చగానే ఉండేవి, వాటిమీద కుండలు ఉండేవి కావు. ప్రాణభయంతో పారిపోయేవాళ్లు పులుసు కుండ ఎందుకు పట్టుకెళ్తారు?

నేనూ చేతనైన యుక్తులు పన్నాను. సైకిలు గంటకు గుడ్డ చుట్టాను. ఖాకీ మానేసి పంచె కట్టుకుని వెళ్లాను. ఒక ఆదివారం పెట్టె గదిలోనే వదిలేసి, ఉత్త చేతులతో, ఊరికే పలకరించి వద్దామని అంత దూరం తొక్కుకుంటూ పోయాను. (చూడండి, ఊరికే తొక్కిన మొదటివాణ్ణి మా మనవడు కాదు.) ఆదివారం కూడా కూత పడింది. కాపలా అవ్వ నన్ను ఎగాదిగా చూసి, సెలవు రోజు గూడా వదలవా అబ్బయా అంది.

కార్తీక మాసంలో ముసురు పట్టింది. వాన కాస్త తెరిపిచ్చిన ఒక పూట వెళ్తే ఎప్పటిలాగే కూత పడింది. బండ్ల బాట నీళ్లలో మునిగిపోతే, సైకిలు నడిపించుకుంటూ తోపు లోపలినుంచి అడ్డంగా పడ్డాను. రాలిన సరుగుడాకు మెత్తగా పరుచుకుని ఉంది, చక్రాల చప్పుడు నాకే వినబడలేదు. లోపలికి పోయేకొద్దీ నవ్వులు వినిపించాయి. చెట్టు చాటునుంచి చూద్దును కదా, పాలెం మొత్తం అక్కడుంది. పాత వలలు ఉయ్యాలలుగా కట్టి పిల్లల్ని ఊపుతున్నారు. మూడు రాళ్ల మీద చేపల పులుసు ఉడుకుతోంది. తాటాకుల్లో అన్నం వడ్డించుకుని ఊరంతా వరసగా కూర్చుంది, అచ్చం మా ఇంటి వరసలా. నడుమ ఒక కుర్రాడు లేని సైకిలును తోసుకుంటూ, లేని చెమట తుడుచుకుంటూ, "అమ్మా, భయం లేదమ్మా, చీమ కుట్టినట్టుంటాది" అని నా గొంతుతో దీనంగా పిలుస్తున్నాడు. ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నాకు కోపం రావాలి. రాలేదు. బాగా చేస్తున్నాడనిపించింది, నేనూ నవ్వేశాను. ఆ నవ్వే పట్టిచ్చింది.

అందరూ తిరిగి చూశారు. ఎక్కడి ముద్ద అక్కడ ఆగింది. పాలెం పెద్ద, నెరిసిన గడ్డం మనిషి, చేతిలో ముద్ద దించకుండానే అడిగాడు.

"సూదాయనా, తినినాక పరిగెత్తేదా, ఇప్పుడే పరిగెత్తమంటావా?"

సైకిలును చెట్టుకు ఆనించాను. "నాకు గూడా ఆకలిగా ఉందన్నా," అన్నాను.

ఒకామె జరిగి చోటిచ్చింది, ఇంకొకామె తాటాకు పరిచింది. ఆ పులుసు రుచి ఇప్పుడు చెబితే మా ఆవిడ నొచ్చుకుంటుంది గనుక చెప్పను. ఏ ఊరు, ఎవరి పిల్లోడివి, అమ్మానాయనా ఉండారా అని అన్నీ అడిగారు. నేను అడక్కుండానే వాళ్ల సంగతీ చెప్పారు. టీకా పొడిస్తే చెయ్యి వాస్తుంది, జ్వరం వస్తుంది, వల లాగేదెవరు అని మొదట్లో భయపడ్డారట. పోను పోను భయం పోయి పరుగు మిగిలిందట. చంకలో బిడ్డనెత్తుకున్న ఒక అమ్మాయి నవ్వాపుకుంటూ చెప్పింది.

"నువ్వొస్తేనే గదన్నా మేమందరం ఒకచోట కూర్చునేది. పది దినాలు నువ్వు రాకుంటే పిలకాయలు ఒకటే గోల, సూదాయన ఎప్పుడొస్తాడని."

నా కోసం ఎదురుచూసేవాళ్లు ఈ లోకంలో ఉన్నారని ఆ మాటతో తెలిసింది. తల వంచుకుని అన్నం కలుపుకున్నాను, పులుసు కారంగా ఉందన్నాను.

భోజనాలయ్యాక పాలెం పెద్ద సముద్రం వైపు చూసి, ఈ ముసురుకు పడవలు ఎట్లాగూ దిగవు, చెయ్యి వాస్తే వాచిందిలే అని ముందుగా తన చెయ్యి చాపాడు. ఇంటి అన్నం తిన్నోడు మోసం చెయ్యడని కాబోలు, వెనకాలే అందరూ వచ్చారు. నా గొంతు అనుకరించిన కుర్రాడు మాత్రం కెవ్వుమని, ఇదేం చీమ సామీ అన్నాడు. సాయంత్రం నా సైకిలును ఇసుకలో వాళ్లే తోసుకుంటూ కరకట్ట దాకా సాగనంపారు. ఆ రోజు దారి పొడుగునా నా వెంట మనుషులు నడిచారు.

వానలు తగ్గాక, గంటకు చుట్టిన గుడ్డ ఊడదీసి, బీడులోకి దిగుతూనే గట్టిగా మోగించాను. తాటిచెట్టు మామ పైనుంచి చూసి, బాగుండావా అని తన పనిలో పడ్డాడు. కూత వెయ్యలేదు. ఆశగా తోపులో తొంగిచూశాను, ఉయ్యాలలు లేవు. పాలెంలో ఎవరూ లేరు. కాపలా అవ్వ కోళ్లకు నూకలు చల్లుతోంది.

"పరిగెత్తే పని తీరిపాయె గదా అబ్బయా," అంది. "మొగోళ్లు వేటకి, ఆడోళ్లు చేపల బుట్టలెత్తుకోని ఊళ్లమీదికి, ఎవురి పనికి వాళ్లు బోయినారు."

పడవలు నీళ్లలో ఉన్నాయి గనుక ఆ రోజు నీడ కూడా లేదు. ఎండలోనే పెరుగన్నం విప్పాను. అవ్వ నన్ను చూసి చూసి, లోపలికి పోయి ఎండుచేప కాల్చి తెచ్చి నా ఆకులో వేసింది. ఎప్పుడూ లేంది పక్కనే చతికిలబడింది. "ఇంకో జబ్బుకేదన్నా సూదుంటే చెప్పు, అందుర్నీ పిలస్తా," అంది.

మొన్న పనుండి మైపాడు బస్సెక్కాను. పక్క సీట్లో ఒకావిడ, నాకంటే చిన్నది, చేపల బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఆమె చేతిమీద పాత టీకా మచ్చలు రెండు, నా పనితనం లాగే కొంచెం వంకరగా ఉన్నాయి. నేను వాటినే చూస్తూ, ఏ పాలెం అమ్మా మీది అని అడిగాను. ఆమె పైట లాక్కుని చెయ్యి కప్పుకుంది. ముందు సీటు ఖాళీ కాగానే బుట్ట ఎత్తుకుని గబగబా అక్కడికి వెళ్లిపోయింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. అంత చురుగ్గా నన్ను వదిలి పారిపోయిందంటే, తప్పకుండా మా పాలెం పిల్లే.