పచ్చాకు పరిచిన బండి

వారానికి మూడుసార్లు పొద్దున్నే మా గుమ్మం ముందు తెల్ల వ్యాను ఒకటి ఆగుతుంది. డయాలసిస్ కోసం నన్నూ, ఉద్దానంలో నాలాంటి మరో నలుగురినీ పలాస తీసుకెళ్ళి, పని అయ్యాక ఎవరిళ్ళ దగ్గర వాళ్ళని దింపేస్తుంది, పైసా అడగరు. మొన్న తిరిగొస్తుంటే జీడితోటల దగ్గర మెత్తటి సీటులో కునుకు పట్టి, ఎద్దుల మెడలో గంటలు వినబడ్డట్టయింది. కళ్ళు తెరిస్తే ఎవరి ఫోనో మోగుతోంది. నాలో నేనే నవ్వుకున్నాను. ఈ దారిలో రోగుల్ని ఆసుపత్రికి చేర్చే వ్యాపారం మొదట పెట్టిన మొనగాణ్ణి నేనే మరి!

అరవయ్యో దశకం చివరి రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు, ఎస్సెల్సీ గట్టెక్కక, నాన్న పోయాక ఆయన బండి తోలుకుంటూ కొబ్బరికాయలు పలాసకు చేరవేస్తూ ఉండేవాణ్ణి. అన్నయ్య ఇచ్ఛాపురం దగ్గర బడిపంతులు, ఆదివారాలు మాత్రం ఇంటికి వచ్చేవాడు. వదిన టెక్కలి పిల్ల. కాపరానికి వచ్చి ఏడాది తిరక్కుండానే దగ్గు పట్టుకుంది, ఆ దగ్గు క్షయ అని తేలింది. నా ఈడు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఆ మాట వింటే చుట్టాలు కూడా మంచినీళ్ళు ముట్టకుండా లేచిపోయేవారు.

పలాస ధర్మాసుపత్రిలో మందు ఉచితమే. వారానికి రెండు సూదులు, నెలల తరబడి, ఒక్కటీ తప్పకూడదు. కాని మందు ఉచితమైనంత మాత్రాన దారి ఉచితమవుతుందా? మా ఊరి నుంచి పలాసకు తొమ్మిది మైళ్ళు, అందులో సగం చక్రాలు దిగబడిపోయే ఇసుక. బస్సు ఆగే చోటుకే ఒక పూట నడక, తీరా ఎక్కితే దగ్గు వినగానే పక్కవాళ్ళు గొడవపెట్టి దింపేసేవారు. కొబ్బరికాయల మీద గడ్డి పరిచి వదినను నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఒకరోజు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, మీ ఉద్దానం వాళ్ళు నాలుగు సూదులు వేయించుకుని మానేస్తున్నారయ్యా, మందు లేక కాదు, బండి లేక పోతున్నారు అన్నారు. ఆ మాట నా బుర్రలో తేనెటీగలా తిరగడం మొదలుపెట్టింది.

ఒక పాత గూడుబండి కొన్నాను. గూడుకి కొత్త తాటాకు కప్పించి, చక్రాలకు కొత్త పట్టాలు వేయించి, చుట్టుపక్కల నాలుగూళ్ళు తిరిగి ముగ్గురు రోగుల్ని మాట్లాడుకున్నాను, వదినతో నలుగురు. బుధవారం, శనివారం ప్రయాణం. ఇవ్వగలిగినవాళ్ళు కొబ్బరికాయో జీడిపిక్కలో ఇస్తారు, లేనివాళ్ళు ఊరికే ఎక్కుతారు. ఇంతవరకూ బాగానే ఉంది. గడ్డిలో దుమ్ముకి వదిన దగ్గి దగ్గి సొమ్మసిల్లడం చూసినవాణ్ణి కదా, దుమ్ము లేని మెత్తటి పరుపు వేయాలని, ముందురోజంతా కూర్చుని పచ్చి కొబ్బరాకులు అల్లి బండి నిండా పరిచాను. చల్లగా, పచ్చగా, కమ్మటి వాసన. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బుధవారం పొద్దున్న బండి మొదటి రోగి గుమ్మం ముందు ఆపాను. ముసలాయన్ని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చిన కోడలు లోపలికి తొంగిచూసి కెవ్వుమని, మామగారిని వెనక్కి లాగి తలుపు మూసేసింది. అప్పటికి గాని నాకు వెలగలేదు. మా వైపు పచ్చి కొబ్బరాకు అల్లి మనిషిని పడుకోబెట్టేది పాడె మీదే! బతికున్న మనిషి ముందుకి నేను పాడె తోలుకెళ్ళాను. అక్కణ్ణించి మా ఇంటికి తోలుకొస్తే, గడప దాకా వచ్చిన వదిన కూడా ఆ ఆకు చూసి, లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆకులు పీకి పారేశాను, గడ్డి పరిచాను, కొబ్బరికాయ కొట్టాను. ఏం లాభం? అప్పటికే పాడెబండి అని పేరు పడిపోయింది. శనివారం ఎవరూ ఎక్కలేదు. వానలకు అంతకుముందే రెండు సూదులు తప్పిన వదినకి ఇప్పుడు మరో రెండు తప్పాయి. ఇంకొకటి తప్పితే మందు పట్టదని డాక్టరుగారు ముందే హెచ్చరించారు. మేలు చేయబోయి ఇంటి కోడల్ని నా చేతులతోనే చంపుతున్నానని ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు.

మళ్ళీ బుధవారం తెల్లవారుతూనే అమ్మ నన్ను లేపి, పచ్చాకు మళ్ళీ అల్లమంది. పిచ్చెక్కిందేమో అనుకున్నాను. అల్లాను. ఆవిడ అడ్డచుట్ట వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, బండెక్కి, ఆ ఆకుల మీద నిలువునా వెల్లకిలా పడుకుని ఎద్దుల్ని అదిలించమంది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ప్రతి ఇంటి ముందూ అమ్మ చటుక్కున లేచి కూర్చునేది. ఒకచోట గేదె ఈనిందా అని, ఒకచోట కొత్త ఆవకాయ పెట్టారా అని అడిగి, మళ్ళీ పడుకునేది. నాన్నకు అన్న వరసయ్యే ఒక పెద్దాయన ఉండబట్టలేక, అపశకునం, దిగమని కేకలేశాడు. అమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

"ఏటి బావా, పాడెక్కినోడు ఎక్కడైనా నెగిసి కూకుంటాడేటి? నాను కూకున్నాను, సూడు! మీ తమ్ముణ్ణి పచ్చాకు మీద మోసుకెల్లినపుడు లెగుత్తాడేమో అని నాను సూత్తూనే ఉన్నాను. లెగనేదు. లెగిసినోల్ల బండి ఇది."

పెద్దాయన పక్కకు తప్పుకుని బండికి దారిచ్చాడు. నేను ఎద్దుల వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. మా గుమ్మం ముందుకి వచ్చేసరికి వదిన గడపలో నిలబడి నవ్వుతోంది, ఎన్ని నెలల తర్వాతో. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వి, కట్టుకున్న చీరతోనే వచ్చి బండెక్కింది. అమ్మ చుట్ట అవతల పారేసి పక్కకు జరిగింది. దారిలో ముసలాయన కూడా ఎక్కాడు.

ఆ తర్వాత రెండేళ్ళు నా బండి ఆగలేదు. ఎండల్లో జీడిపూల వాసన, చలికాలంలో మంచు, ఇసుకలో చక్రాలు చప్పుడు చేయకుండా దొర్లుతుంటే లోపల నలుగురు రోగులు నిద్రో మెలకువో తెలియని మాటలు మాట్లాడుకునేవారు. అవి వింటూ నేనూ తూగేవాణ్ణి, దారి ఎద్దులకే తెలుసు.

వదినకి ఆఖరి సూది పడిన రోజు మిగతావాళ్ళు దిగిపోయాక బండిలో తనొక్కతే ఉంది. మా ఊరి మలుపు దగ్గర, ఉన్నట్టుండి అడిగింది.

"బాబూ, ఒక్కపాలి సంద్రం కాడికి తోలవా?"

సముద్రానికి రెండు మైళ్ళలో కాపరముంటూ దాన్ని చూడలేదావిడ. వచ్చిన ఏడాదే మంచం పట్టింది, ఆపైన చలిగాలి తగలకూడదన్నారు. మంచంలో ఆ హోరు వింటూనే గడిపింది. తోలాను. మొగలిపొదలు దాటగానే నీలంగా ఎదురుపడింది. వదిన చెప్పులు బండిలోనే విడిచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, చీలమండల లోతు నీళ్ళలో నిలబడింది. ఎంతసేపో నాకు తెలియదు. ఎద్దులు నెమరేస్తున్నాయి. వెనక్కి వచ్చేటప్పుడు ఆవిడ ముఖం చూస్తే, పని పూర్తయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో తెలిసింది. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా బతికింది, ఇద్దరు బిడ్డల్ని కంది, నన్ను చూసినప్పుడల్లా కంచంలో నెయ్యి రెండోసారి వేసేది.

ఇప్పుడు రోడ్డు తారుది, పలాస అరగంట, బస్సులోంచి దింపేసేవాళ్ళు లేరు. అప్పుడు మా వాళ్ళు ఇవన్నీ చూసుంటే ఎంత సంబరపడేవారో! కాని ఆ రోగానికి ఆఖరి సూది అంటూ ఒకటుండేది. దాన్ని లెక్కపెట్టుకుంటూ బండెక్కేవారు. నా జబ్బుకి అది లేదు, బతికినన్నాళ్ళూ వారానికి మూడు రోజులే. ఊరి మలుపు వచ్చినప్పుడల్లా డ్రైవరుని సముద్రం వైపు పోనివ్వమని అడగాలనిపిస్తుంది. ఏ రోజు అడగాలో వదినకి తెలుసు. నాకు తెలియక, ప్రతిసారీ ఇంటి దగ్గరే దిగిపోతున్నాను.