నోటీసు బోర్డు మీద ఒక్క పేరు

పరీక్ష గదిలో నేను నోరు మూసుకోలేను. అది నా జబ్బు. నిజామాబాద్‌లో డిగ్రీ కాలేజీకి అర్థశాస్త్రం చెప్పడానికి వచ్చిన కొత్తలో కాస్త బిగుసుకుని ఉండేదాన్ని. పోనుపోను, బెంచీల మధ్య తిరుగుతూ ఆ మొహాలు చూస్తుంటే పాపం అనిపించేది. వేల్పూర్ నుంచి పసుపు చేలో పని ముగించుకుని వచ్చేవాళ్లు, తల్లితోపాటు బీడీలు చుట్టి వచ్చేవాళ్లు. బిట్ పేపర్ రాగానే "మూడోది మల్ల చూసుకో" అని ఒకరితో, "బి కాదురా అది" అని ఇంకొకరితో అనేసేదాన్ని. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. నాకూ తప్పనిపించలేదు.

రెండేళ్ల కిందట మా ప్రిన్సిపాల్ ఒక కొత్త పద్ధతి పెట్టారు. మొదటి సంవత్సరం పిల్లలకు చేరిన వారంలోనే ఇంగ్లిషు, లెక్కల మీద నలభై బిట్ల పరీక్ష. అందులో సగం మార్కులు రానివాళ్లకు రెండు నెలలపాటు రోజూ పొద్దున ఒక గంట బ్రిడ్జి క్లాసు. బడిలో రాకుండా మిగిలిపోయినవన్నీ అక్కడ నేర్పాలి. "తక్కువ మార్కులు వస్తే మనకే మంచిది, ఎవరికేం రాదో తెలుస్తుంది" అని స్టాఫ్ మీటింగులో ఆయన రెండుసార్లు చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను. ఆర్ట్స్ పిల్లల పరీక్షా, బ్రిడ్జి క్లాసూ రెండూ నాకే అప్పజెప్పారు.

పరీక్ష మొదలైన ఐదు నిమిషాలకే వెనక బెంచీ వాడు చేయెత్తాడు. "మేడం, గిదేందో జర చెప్పుండ్రి." చెప్పాను. అంతే, ఇక హాలంతా చేతులే. ఇది చెప్పకూడని పరీక్ష అన్న మాట ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదంటే నమ్మండి. ఏళ్ల అలవాటు, కాళ్లు వాటంతటవే తిరిగాయి, నోరు దానంతటదే వాగింది.

ఒక అమ్మాయి మాత్రం పావుగంట ఆలస్యంగా వచ్చింది. "రైలు గేటు పడ్డది మేడం, బోధన్ బస్సు ఆడనే ఆగింది" అంది ఆయాసపడుతూ. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. "మొదటి వారమే గిట్లయితే మూడేండ్లు ఏం చదువుతవ్?" అని అరిచి, వరండాలో కుర్చీ వేయించి అక్కడే రాయమన్నాను. మళ్లీ అటువైపు పోనేలేదు.

పేపర్లు దిద్దాక సగం మార్కులు రానిది ఆ అమ్మాయి ఒక్కతికే. "మన పిల్లలు ఇంత బాగున్నారా!" అని ప్రిన్సిపాల్ మురిసిపోయారు. హాలంతా తిరిగి జవాబులు చెప్పింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది నాకు. అప్పుడే చెప్పేయాల్సింది. పరువు అడ్డొచ్చింది. ఒకే ఒక్క పేరున్న జాబితా కింద సంతకం పెట్టి నోటీసు బోర్డుకు పంపాను.

అరవై మంది పట్టే గదిలో ఆమె ఒక్కతీ, నేనూ. భిన్నాలతో మొదలుపెట్టాను. "నేనొక్కదాన్నేనా మేడం?" అని మొదటిరోజే అడిగింది. "ఒక్కదానికే చెప్తే ఇంకా మంచిగొస్తది" అని తప్పించుకున్నాను. తలుపు దగ్గర పిల్లలు తొంగిచూసి నవ్వుకుంటూ పోయేవాళ్లు. అలా నవ్వినవాళ్లే తర్వాతి గంటలో నా అర్థశాస్త్రం క్లాసులో, ఇరవై ఐదు శాతం అంటే ఎంతని అడిగితే నేల చూపులు చూసేవాళ్లు. నాలుగు రోజులు భిన్నాలు బాగానే పట్టుకుంది. ఐదో రోజు రాలేదు. ఆ తర్వాత వారమంతా రాలేదు. ఆఫీసుకు ఫోన్ చేసి టీసీ ఎప్పుడిస్తారని అడిగిందట.

ఆదివారం బోధన్ బస్సెక్కాను. అడ్రసు పట్టుకుని గల్లీలన్నీ తిరిగి పోయేసరికి తల్లీబిడ్డలు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తల్లి గబగబా లేచి చాప పరిచింది. "ఎంత చెప్పినా వింటలేదు మేడం. క్లాసు మొత్తంల నేనొక్కదాన్నే మొద్దునంట, ఇగ నేను పోను అంటది. రేపే టీసీ తెచ్చుకుంటదట. మీరన్న జర నచ్చజెప్పుండ్రి."

అమ్మాయి తలెత్తలేదు. కత్తెరతో ఆకు కోస్తూనే ఉంది.

దారి పొడవునా అనుకున్న ఓదార్పు మాటలేవీ నోటికి రాలేదు. ఉన్నది చెప్పేశాను. "ఆ రోజు హాల్ల అందరికి నేనే చెప్పిన. నువ్వొక్కదానివే సొంతంగ రాసినవ్. వాళ్ల మార్కులు ఉత్తవే. నీయే అసలైనవి." ఈ మాట వినగానే ఆమె మొహం విప్పారుతుందని నేననుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

కత్తెర ఆగింది. "అందరికి చెప్పిండ్రా?"

"ఆ."

"మరి నాకెందుకు చెప్పలే మేడం?"

"మేడంతోని గట్ల మాట్లాడతరా బిడ్డా" అని తల్లి గదమాయించింది. అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, చూపు మాత్రం నా మీదే ఉంది. "ఆలస్యమైందని బయట కూసోవెట్టిండ్రు, సరే. గంతమందికి చెప్పంగ నేనొక్కదాన్నే యాదికి రాలేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందని చెప్పాను, పద్దెనిమిదేళ్ల పిల్లకు, వాళ్లమ్మ ఎదురుగా. టీసీ సంగతి బుధవారం దాకా ఆపమని బతిమాలాను. "సూస్త" అంది.

సోమవారం ప్రిన్సిపాల్ గదిలోకి పోయి మొత్తం కక్కేశాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "బుధవారం మళ్లీ పెట్టండి. మీరే ఉండండి" అన్నారు. నన్ను తిట్టి ఉంటే నయంగా ఉండేది. పిల్లలకూ క్లాసులో నా నోటితోనే చెప్పాను. "పాసైనం గద మేడం, మల్లెందుకు!" అని ఒకటే గోల.

బుధవారం ఆమె అందరికన్నా ముందే వచ్చి మధ్య బెంచీలో కూర్చుంది. చేతులు లేస్తూనే ఉన్నాయి. నేను కిటికీ పట్టుకుని నిలబడి బయటకు చూశాను. ఒకడైతే "మేడం, మీకు మా మీద కోపమా?" అని దీనంగా అడిగాడు. పళ్లబిగువున నోరు మూసుకున్నాను.

ఈసారి జాబితా రెండు కాగితాలు పట్టింది. ఆమె పేరూ ఉంది, తలుపు దగ్గర నవ్విన వాళ్ల పేర్లూ ఉన్నాయి.

మర్నాడు పొద్దున బ్రిడ్జి క్లాసుకు బెంచీలు చాలక ఇద్దరు కిటికీ గట్టు మీద కూర్చున్నారు. బోర్డు మీద రెండు భిన్నాలు రాసి, ఎవరు కూడుతారని అడిగాను. ఒక్కరూ కదల్లేదు. ఆమె లేచి వచ్చి నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది, లెక్క చేసి తిరిగి తన చోట కూర్చుంది. పక్కనున్న అమ్మాయి నోరెళ్లబెట్టి, నీకెట్ల వచ్చిందని అడిగింది.

"గిది నాకు చెప్పిండ్రు" అంది.