అక్క చూసిన ఎండ సినిమా

ఇది ఎప్పుడో రాయాల్సింది. నాకు అక్షరాలు రావు గనక రాయలేదు. అరవై దాటాక మా కోడలు వంటింట్లో పలక పెట్టి నేర్పింది. మూడేళ్లకు ఉత్తరం రాసేపాటిదాన్ని అయ్యాను. ఆ తరవాత కూడా రాయలేదంటే తప్పు అక్షరాలది కాదు. ఆ రోజు నేను అన్న ఒక మాటను కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు.

మొన్న పలాసలో మా అబ్బాయి మేడ మీద గదిని సినిమా కోసమని తయారు చేయించాడు. గోడలకు నల్లగుడ్డ, నాలుగు మూలలా స్పీకర్లు, గోడంత తెర. కుర్చీ పక్కన మీట ఉంది. నొక్కితే వీపు వెనక్కి వాలుతుంది, కాళ్ల కింద పీటలాంటిది లేస్తుంది. నన్ను కూర్చోబెట్టి వాడే మీట నొక్కాడు. కుర్చీ సగానికి వాలి ఆగింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. "సౌండెక్కువైందేటమ్మా?" అని వాడు తగ్గించాడు. అయినా ఏడుస్తూంటే ఏసీ కూడా తగ్గించాడు. పాపం, వాడికేం తెలుసు. ఆ వాలు నాకు పదిహేడో ఏటనుంచీ తెలుసు.

మా అక్కను కంచిలి దగ్గర ఒక ఉద్దానం ఊరికి ఇచ్చారు. అరవైల చివరి రోజులవి. ఇంటిముందు కొబ్బరి, వెనక జీడితోట, ఊళ్లోకి ఇంకా కరెంటు రాలేదు. అక్కకు గుండె జబ్బు చేసింది. నడవకూడదనీ, బండి కుదుపు కూడా తగలకూడదనీ టెక్కలి డాక్టరు చెప్పాడట. పడుకుంటే ఊపిరాడేది కాదు, కూర్చుంటే ఓపిక ఉండేది కాదు. వండిపెట్టడానికి నన్ను పంపారు. అక్క కోరికల్లా ఒక్కటే, సినిమా చూడాలని. పెళ్లికి ముందు ఇంట్లో పంపలేదు. పెళ్లయ్యాక తీసుకెళ్తానని బావ మాటిచ్చాడు గానీ జబ్బు ముందొచ్చింది. ఆ వేసవిలో సోంపేటలో డేరా సినిమా దిగింది. కొబ్బరికాయల బండి తోలుకెళ్లే బావ చూసొచ్చి కథ చెప్పేవాడు. ఎవరి పేరూ గుర్తుండేది కాదు, అందరినీ "ఆ మీసాలోడు" అనేవాడు. కథ పూర్తయ్యేసరికి ముగ్గురు మీసాలవాళ్లు తేలేవారు, అందులో ఎవడు ఎవణ్ని చంపాడో ఆయనకే తెలిసేది కాదు. "నీ కత ఇనడం కన్నా నా జబ్బే నయం మావా," అనేది అక్క. ఒకరోజు మాత్రం నవ్వకుండా, "ఒక్కసారి సూసి పోతే బాగుణ్ణు," అంది.

బావ తరవాతి సంతకు వెళ్లి, డేరాలో మిషను తిప్పే అతనికి కొబ్బరిబొండాలిచ్చి, తెగిన ఫిలిం ముక్కలు ఒక పొట్లం, మాడిపోయిన బల్బు ఒకటి తెచ్చాడు. బల్బు తల ఊడగొట్టి, లోపలి తీగలు తీసి, నిండా నీళ్లు పోశాడు. గది కిటికీకి గోనెసంచులు కట్టి పిడికిలంత కంత ఉంచి, దాని ఎదురుగా ఆ బల్బు వేలాడగట్టాడు. గోడకు తన పెళ్లి పంచె కట్టాడు. అరుగు మీద నేను అద్దం పట్టుకుని ఎండను కంతలోకి కొట్టాలి. లోపల బావ ఫిలిం ముక్కను కంతకూ బల్బుకూ మధ్య పెడితే పంచె మీద బొమ్మ పడుతుంది. అక్క కోసం మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు, గోనెసంచుల్లో కొబ్బరిపీచు కుక్కి వీపుకీ మోచేతులకీ ఆనించాడు, కాళ్ల కింద కుంచం బోర్లించాడు. కూర్చున్నట్టూ కాదు, పడుకున్నట్టూ కాదు. ఆ వాలులో అక్కకు ఊపిరి సుఖంగా ఆడేది. అలా నెలల తరవాత ఒక మధ్యాహ్నం నిద్ర కూడా పోయింది.

మొదటిరోజు బొమ్మ తలకిందులుగా పడింది. "ఈలేటి మావా, గబ్బిలాల్నాగ ఏలాడతన్నారు?" అని అక్క నవ్వడం అరుగు మీద నాకు వినిపించింది. బావ ఫిలిం తిప్పి పెట్టాడు. మాటలు కూడా ఆయనే చెప్పేవాడు. హీరోయిన్ వస్తే గొంతు సన్నం చేసేవాడు, దుర్మార్గుడు వస్తే ఖాళీ ఇత్తడిబిందెలో తల దూర్చి గర్జించేవాడు. అక్క నవ్వి నవ్వి దగ్గేది. ఆమెకు ఒక్కటే లోటు. "అన్నీ బాగున్నాయి గానీ బొమ్మ కదల్దేటి?" అనేది. ఎండ జరుగుతూంటే నేను అద్దంతో పాటు అరుగు మీద జరుగుతూ ఉండేదాన్ని. పది రోజులైనా ఒక్క బొమ్మా చూడలేదు.

అది అక్క కనిపెట్టింది. "ఒలే గుంటా, ఈరోజు నువ్వు నోపల కూకో. అద్దం నేనట్టుకుంతాను," అంది. బావ వద్దన్నాడు. "అద్దం అట్టుకోడానికి కూడా పనికిరాకపోతే ఎందుకు మావా నేను?" అంది. ఆయన ఎత్తుకెళ్లి అరుగు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. "ఒక్క బొమ్మే," అన్నాడు. నేను అక్క జాగాలో వాలాను. పంచె మీద ఒక ఆడమనిషి నిలబడింది, గోడంత. నాకు ఒళ్లు తెలియలేదు. "ఇంకోటి బావా," అన్నాను. తరవాత మరొకటి. నాలుగో బొమ్మ వణకడం మొదలుపెట్టింది. నేను కిటికీ వైపు తిరిగి అరిచాను: "సరిగ్గా అట్టుకోయే! బొమ్మ అదిరిపోతంది!"

బొమ్మ కాసేపు నిలబడింది. తరవాత వెలుగు పంచె మీదనుంచి జారి, గోడ ఎక్కి, ఆరిపోయింది.

బావ లోపలికి మోసుకొచ్చేసరికి అక్క పెదాలు నల్లబడ్డాయి. అదే వాలులో పడుకోబెట్టాం. చాలాసేపటికి కళ్లు తెరిచి, "సూసేవేటే?" అంది.

"సూసేనక్కా. కదిలింది. నిజం సినిమానాగే కదిలింది."

"కదిలిందా?" అంది. "అదురుష్టం నీది." నవ్వింది కూడా.

దీపాలు పెట్టే వేళ కాకముందే పోయింది. ఆ నాలుగు బొమ్మల గురించి బావ నన్ను జీవితంలో ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఇది రాయడం నాకు కాస్త సులువయ్యేది.

మర్నాడు పొద్దున మగవాళ్లు అక్కను మోసుకెళ్లాక నేను అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాను. చేతిలో ఏమీ లేదు. ఎండ జరిగితే నేనూ జరిగాను. అలా అరుగు చివరిదాకా వచ్చేసరికి ఒక పూట గడిచింది. ఒక్క పూట గడపడం అంత పని అని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ తరవాతి ఇన్నేళ్లూ దానికన్నా తొందరగానే గడిచాయి.