అడిగే సగం

"నేను ముందెల్తన్నాను. తలుపేసీసి బేగి వచ్చీ" అన్నారు మా ఆయన.

"పొయ్యి మీద పాలున్నాయి. పొంగితే మీరొచ్చి తుడుస్తారేటి? పదండి, వత్తాను" అన్నాను నేను.

మేమిద్దరం ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. అందులో దేవుడి పేరు లేదు, ప్రేమ మాట లేదు. పాల మాట ఉంది.

ఇది రాస్తున్నది మా ఆడపడుచు కూతురు. నాకు సంతకం వరకే వచ్చు. చెప్పింది చెప్పినట్టు రాయమంటే, "అలా రాస్తే ఎవులికీ అర్థం కాదత్తా, నేను సర్ది రాత్తాను" అంది. మాటలు సర్దుకో గానీ, నా భయం మాత్రం తగ్గించి రాయొద్దని ముందే చెప్పాను.

మా నర్సీపట్నంలో క్రైస్తవులు చాలామందే ఉన్నా కథోలికుల ఇళ్ళు కొద్ది. ప్రతి శనివారం సాయంత్రం ఒక్కో ఇంట్లో జపమాల పెట్టుకుంటాం. చిన్న అద్దాల పెట్టెలో మరియమాత స్వరూపం ఉంటుంది. ఈ వారం ఒకరింట్లో ఉంటే వచ్చే వారం పక్కవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. స్వరూపం పక్కన చాప మీద, జపం చెప్పించేవాళ్ళు కూర్చుంటారు. ముందు మగవాళ్ళు, వెనక గుమ్మం దాకా ఆడవాళ్ళు. జపం అయ్యాక టీ, ఇంత కారప్పూస.

తెలియని వాళ్ళకి జపం ఎలా నడుస్తుందో చెప్పాలి. ఒక్కో పూసకీ ఒక ప్రార్థన. అందులో ముందు సగం ఒకరు చెబుతారు. అది తల్లికి వందనం. వెనక సగం మిగతా అందరూ కలిసి చెబుతారు. అది అడుక్కోవడం. పాపాత్ములం, ఇప్పుడూ మా మరణ సమయంలోనూ మా కోసం ప్రార్థించమని అడగడం.

ముందు సగం ఎప్పుడూ మా ఆయనే చెప్పేవారు. మోటార్ల వైండింగ్ షాపులో పనిచేసిన మనిషి, ఆ రొదలో మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. మైకు అక్కర్లేదని ఫాదర్ గారే నవ్వేవారు. నేను బాప్టిస్టుల పిల్లని, మా వాళ్ళలో జపమాల లేదు. పెళ్ళయ్యాకే జపమాల చేత్తో పట్టుకున్నాను. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఏది చెబితే అదే నేర్చుకున్నాను. అంటే వెనక సగం. ముందు సగంతో నాకు పని పడలేదు.

ఆ శనివారం జపం మా సందు చివర పెద్దమ్మగారింట్లో. ఆవిడ మాకు చుట్టం కాదు, అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. పాలు దించి, గొళ్ళెం పెట్టి బయలుదేరాను. సందులోకి అడుగుపెట్టేసరికే మా ఆయన గొంతు వినిపిస్తోంది. ఆయన సగం, అందరి సగం. ఆయన సగం, అందరి సగం. కుళాయి దాటుతుండగా ఆయన సగం మొదలైంది, మధ్యలో తెగిపోయింది.

దగ్గొచ్చిందేమో అనుకున్నాను. లోపలున్నవాళ్ళూ అదే అనుకుని ఉంటారు. కాసేపటికి అలవాటు కొద్దీ అందరూ వెనక సగం చెప్పేశారు. మళ్ళీ ముందు సగం కోసం ఆగారు. అది రాలేదు. నేను పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో అప్పటికి నాకు తెలియదు.

గోడకి చేరబడి ఉన్నారు. పూసలు వేళ్ళ మధ్యనే ఉన్నాయి. కునుకు పట్టినట్టుంది ముఖం. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఫాదర్ గారు ఆ రోజు రావికమతం అవతల ఒక ఊరి చర్చిలో పూజ చేస్తున్నారు. ఫోను అందుకుని ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. ప్రాణం ఉండగా పూయాల్సిన నూనె పూయలేకపోయారు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మాత్రం చేశారు.

భూస్థాపన నాడు అందరిదీ ఒకటే మాట. "జపమాల పట్టుకుని ఎల్లిపోనాడు. ఎంత పున్నెం సేసుకున్నాడో." నేనూ తలూపాను. ఆ మాట పట్టుకునే కొన్నాళ్ళు అన్నం తిన్నాను.

తరవాత ఒక శనివారం, ఎవరింట్లోనో చాప మీద కూర్చుని వెనక సగం చెబుతున్నాను. మరణ సమయం అన్న మాట దగ్గర నాలుక ఆగిపోయింది. ఇది ఆయన చెప్పేవారు కాదు కదా అనిపించింది. ఇన్నేళ్ళూ అడిగింది మేము. ఆయన వందనం చెప్పారు, అంతే. తన చావు గురించి తన నోటితో ఒక్కసారైనా అడుక్కున్నారా? ఆఖరి పూస దగ్గర వందనం కూడా పూర్తి కాలేదు. నూనె లేదు, అడగడం లేదు. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నట్టు?

ఆ భయం పట్టుకున్నాక వదల్లేదు. జపం చెప్పించేవాళ్ళు ఊపిరి కోసం ఆగితే చాలు, నా చేతులు చల్లబడిపోయేవి. ఫోనొచ్చినట్టు నటించి బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఆదివారం పూజకి గుమ్మం పక్కనే కూర్చునేదాన్ని. ఉత్తరించు స్థలంలో, అంటే మోక్షానికి ముందు పాపాలు కాలి శుద్ధయ్యే చోట, ఉన్న ఆత్మల కోసం ప్రార్థిద్దామని ఫాదర్ గారు అంటే, అక్కడ వేడి ఎంత ఉంటుందో అని ఆలోచించేదాన్ని. మా ఆయనకి వేడి పడదు. ఎండాకాలం తడి తువ్వాలు మెడకి చుట్టుకుని పనిచేసేవారు.

పాయకరావుపేట నుంచి మా తమ్ముడు వచ్చినప్పుడు వాడితో చెప్పాను.

"ఆయన పెబువుని నమ్మినాడా నేదా?" అన్నాడు.

"నమ్మారు."

"మరింకేటే అక్కా? సచ్చినోల్లకి పార్థనలేటి? పూసలు సూసి లోపలికి పంపుతాడేటి దేవుడు? ఆయనేటి, గేటుకాడ వాచ్‌మేనా?"

వాడు నవ్వించాలనే అన్నాడు. కానీ వాడి లెక్కలో నేను ఇప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదు. నాకు అది ఇంకా భయమేసింది.

ఫాదర్ గారిని అడిగాను. చిన్నవారు, నెమ్మదిగా మాట్లాడతారు. "రోజూ వందనం చెప్పిన బిడ్డని తల్లి మరిచిపోతుందామ్మా?" అన్నారు. మంచి మాటే. ఇంటికి వచ్చేదాకా నిలిచింది.

ఇంతలో జపం వంతు మా ఇంటికి వచ్చింది. పెద్దమ్మగారు వచ్చి గడపలో కూలబడ్డారు.

"శనారం మీ ఇల్లే. మీ ఆయన పోయినకాడ్నుంచి ముందు సగం ఇంటోల్లే సెప్తన్నారు కదా. ఇంకెవులున్నారు, నువ్వే సెప్పు."

"నాకు రాదు పెద్దమ్మా."

"ఇన్నేల్లు ఇని రాదంతావేటే? సీరియల్ కతలన్నీ వచ్చీసినాయి కదా నీకు."

"మద్దెలో గొంతాగిపోతే?"

"ఆగితే నీల్లు తాగు." మళ్ళీ ఆవిడే, "ఒద్దంటే సెప్పీ. మరియతల్లిని మీ ఇల్లు దాటించీసి పక్కింటికి తీసుకెల్లిపోతాం. ఎవులూ ఏటనరు" అన్నారు.

ఆయన పోయాక మా ఇంట్లో మొదటి జపం అది. ఆయన ఆత్మ కోసం ఆయన ఇంట్లోనే చెప్పే జపం. దాటించెయ్యమని ఎలా అంటాను? అక్కడ కూర్చుంటే ఆ మాటలో, అదే చోట, నా ఊపిరీ తెగిపోతుందని భయం. కూర్చోకపోతే ఆయనకి ఎవరూ లేరని భయం. రెండో భయమే పెద్దది.

వారమంతా, ఇది రాస్తున్న ఈ పిల్లే నాకు ముందు సగం నేర్పింది. బియ్యం కడుగుతూ చెప్పాను, బట్టలు జాడిస్తూ చెప్పాను. ఒంటరిగా ఉంటే వచ్చేది, ఎవరైనా వింటే పోయేది.

శనివారం ఇల్లు నిండిపోయింది. స్వరూపం పక్కన కూర్చున్నాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. నా గొంతు ముందే బొంగురు, ఆ రోజు రేకు మీద గీసినట్టు వచ్చింది. ఎలాగో ముందు సగం దాటాను. అందరూ వెనక సగం అందుకున్నారు. అప్పుడు చూసుకుంటే నా పెదాలు కదులుతున్నాయి. చెప్పించేదాన్ని నేనే, అయినా వాళ్ళతో పాటు అడిగే సగం కూడా లోలోపల చెబుతున్నాను.

ఆ ఆలోచనలో పడి తరవాతి పూసకి మాట మరిచిపోయాను. కళ్ళు తెరిచాను. అందరూ తలలు వంచుకుని, నేను ఊపిరి తీసుకుంటున్నాననుకుని ఊరికే ఎదురుచూస్తున్నారు. ఈ పిల్ల ఒక్కతే కళ్ళు తెరిచి నాకు మొదటి మాట అందించింది. తడబడుతూనే చివరిదాకా చెప్పాను.

టీలు అయ్యాక పెద్దమ్మగారిని పక్కకి పిలిచాను. "ఆ రోజు మీ ఇల్లే కనక మీరు ముందుకొచ్చి ఆయనకి ఎదురుగా కూకున్నారు కదా. మీరంతా ఎనక సగం సెప్తంటే ఆయన పెదాలు కదిలినాయేటి?"

"పార్థన్లో కల్లు మూసుకుంటాం కదే" అన్నారావిడ. "తెరిసినా ఏటి కనపడ్డాది? సుక్లాలు."

ముందు వరసలో కూర్చునే మగవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ భక్తిపరులే, అందరూ కళ్ళు మూసుకున్నవాళ్ళే. ఇన్నేళ్ళు ఇంతమందిలో ఆ మనిషి నోటిని చూసినవాళ్ళు లేరు. గుమ్మం దగ్గర కూర్చునే నాకు ఆయన గొంతే తప్ప ముఖం అందేది కాదు.

కాబట్టి నాకు తెలియదు. నాకు కదిలినట్టే ఆయనకీ కదిలి ఉండొచ్చు. లేదా నాకు వెనక సగం అలవాటు గనక కదిలాయేమో, ఆయనకి ఆ అలవాటు లేదు కదా. రాత్రి పడుకుంటే రెండోదే నిజమనిపిస్తుంది.

ఇప్పుడు రోజూ దీపాల వేళ ఒక్కదాన్నే కూర్చుని జపం చెప్పుకుంటున్నాను. ముందు సగం చెబుతాను. వెంటనే వెనక సగం చెప్పను, కొంచెం ఆగుతాను. ఆయనకి ఇంకా అడగాల్సింది మిగిలి ఉంటే అడుక్కోవడానికి చోటు ఉండాలి కదా. ఆ ఆగినంతసేపూ నా చేతులు చల్లబడుతూనే ఉంటాయి. అయినా ఆగుతున్నాను. తరవాత నా సగం నేను చెబుతాను.

రాశావా అమ్మా? అయితే ఒకసారి చదివి వినిపించు. ఆయన మాట దగ్గర నుంచి మొదలెట్టు. నేను తప్పు చెప్పిన చోట చెయ్యి ఎత్తుతాను, ఆపి దిద్దుదువుగాని. వద్దులే, మధ్యలో ఆపకు. చివరిదాకా చదివెయ్.