రంగూన్ మనిషికి కోర్టు పిలుపు

పిడుగురాళ్లలో బస్సు ఆగేసరికి సున్నపు బట్టీల దుమ్ము మా తలల నిండా పేరుకుంది. అవి యాభైల చివరి రోజులు. రాజమండ్రి నుంచి ఏదో పని మీద ఆ వైపు వెళ్ళాను. నా పక్కన కూర్చున్నామె నరసరావుపేట కోర్టులో వాయిదాకు బయలుదేరింది.

"మా ఆయన రంగూన్ పొయ్యి, అక్కడి కోర్టులో నన్నొదిలేసినట్టు రాయించుకున్నాడు. ఇంకో పెళ్ళి కూడా చేసుకున్నాడంట" అంది. "మా చర్చిలో ఒకాయన నన్ను చేసుకుంటానన్నాడు. ఆ రంగూన్ కాయితం ఇక్కడ చెల్లుద్దని మన కోర్టు చెప్తేనే పెళ్ళి చేస్తానంటాడు మా పాదిరి అయ్యగారు. కోర్టోళ్ళేమో ముందు మా ఆయన రావాలంటారు. సమన్లు ఓడెక్కి పోతయ్, ఉత్తినే తిరిగొస్తయ్. చానా ఏళ్ళయింది బాబూ. చేసుకుంటానన్నాయనకి తల నెరిసిపోయింది."

"మీ ఆయన పేరేమిటమ్మా?" అని అడిగాను.

"మొగుడి పేరు ఎట్టా చెప్పేది? కోర్టులో పిలుస్తారుగా, విను."

నరసరావుపేటలో బస్సు దిగి, ఉండబట్టలేక ఆమె వెంటే కోర్టుకు వెళ్ళాను. అక్కడి కోర్టు తెంచేసిన ముడిని ఇక్కడి కోర్టు పట్టుకు కూర్చుంది. వసారాలో బంట్రోతు ఆ పేరు మూడుసార్లు అరిచాడు. సముద్రం అవతలి మనిషి పలకడని అతనికీ తెలుసు, లోపలున్న జడ్జీకీ తెలుసు. మూడో కేకకు ఆమె కొంగు తల మీదికి లాక్కుని, మొగుడు గుమ్మంలోకి వచ్చినట్టే చటుక్కున లేచి నిలబడింది.

మళ్ళీ వాయిదా వేశారు. ఆమె ఇంకా నిలబడే ఉంది.