కత్తెరలో పడ్డ పదకొండో అధ్యాయం

మా బావ నవల రాస్తున్నాడని తెలిసి మా వీధి వీధంతా నవ్వింది. బట్టలు కత్తిరించే మాస్టరుకి నవలేమిటి, లాగూలు కత్తిరించుకోక, అని కుట్టుమిషన్లు బాగుచేసేవాడు మొహం మీదే అనేశాడు. బావ తన పాటికి గుడ్డ కత్తిరించుకుంటూ పోయాడు. నేనే అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నువ్వేసుకున్న లాగూ కూడా ఆయన కత్తిరించిందేగా, అది విప్పేసి మాట్లాడు" అన్నాను. ఆ రోజు నుంచి వాడు నా మిషనుకి నూనె సరిగా వేయడం మానేశాడు. అది వేరే సంగతి.

బావంటే మా అక్క భర్త. పదో తరగతితో చదువు ఆపేసి ఇరవై రెండేళ్లుగా మా వీధిలోని కుట్టు షాపులోనే కత్తెర పడుతున్నాడు. నేను ఏడేళ్ల కిందట మా ఆయన ఇంటి నుంచి కట్టుబట్టలతో వచ్చేసి వీళ్ల దగ్గరే ఉండిపోయాను. ఎందుకొచ్చేశావని అక్క అడిగింది, పక్కింటావిడ అడిగింది, ఆఖరికి పాలు పోసేవాడు కూడా అడిగాడు. బావ మాత్రం అడగలేదు. "మూడో మిషను ఖాళీగా ఉంది, రేపట్నుంచి కూర్చుంటావా?" అన్నాడు, అంతే.

ఆయన రాసే పద్ధతి చూసి తీరాలి. పొద్దున ఆరింటికే షాపు తెరుస్తాడు. తొమ్మిదింటి దాకా ఎవరూ రారు. ఆ మూడు గంటలూ కటింగు బల్ల ముందు నిలబడి రాస్తాడు. కూర్చుంటే ఆలోచన రాదట. నోటుపుస్తకంలో రాయడు. బట్టలకి నమూనాలు గీసుకునే గోధుమరంగు కాగితం ఉంటుంది చూడండి, దాన్ని బల్లంత పొడుగున పరిచి, పెన్సిలుతో చిన్న చిన్న అక్షరాల్లో రాస్తాడు. అధ్యాయానికి ఒక్కటే కాగితం. "మొత్తం ఒక్క చూపులో కనపడాలి. ఎక్కడ వదులైందో, ఎక్కడ పట్టేసిందో అప్పుడే తెలుస్తుంది" అంటాడు. రాయడం అయ్యాక చుట్టి, మిగతా కాగితం చుట్టలతో పాటే మూలనున్న డబ్బాలో నిలబెడతాడు. అక్కడ పెట్టొద్దని అక్క నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. వింటేగా!

బావ కొలతలు తీసుకోవడం చూసినా నాకు ముచ్చటేస్తుంది. టేపు కనపడగానే మనుషులు ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. బావ తొందరపడడు. పిల్లల చదువుల గురించో, కొత్తగా పడిన రోడ్డు గురించో మాటల్లో పెడతాడు. అవతలి మనిషి మాటల్లో పడి ఒళ్లు వదిలేశాక అప్పుడు కొలుస్తాడు. అందుకే ఆయన కుట్టిన చొక్కా ఎవరికీ బిగుతు కాదు.

నవల ఒక రైలు గేటు కాపలావాడి గురించీ, అతని భార్య గురించీ. పదేళ్లలో పది అధ్యాయాలు అయ్యాయి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నాకూ అక్కకూ చదివి వినిపించేవాడు. అక్క పావుగంటకే కునుకు తీసేది. నేను మిషను తొక్కుతూ వినేదాన్ని. రెండు ప్రచురణ సంస్థలు మాకొద్దని తిప్పి పంపాయి. మూడోచోట సంపాదకురాలు మాత్రం ఉత్తరం రాసింది. "గేటు కాపలావాడు మంచివాడు. అయినా చివర్లో భార్య ఇల్లు విడిచి వెళ్లిపోతుందంటున్నారు. నమ్మేలా రాయగలరా? ఆ చివరి అధ్యాయం వచ్చే నెలాఖరులోగా పంపండి. అది నిలబడితే పుస్తకం వేస్తాం. లేకపోతే లేదు." బావ ఆ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆరువారాలు మనిషి మనిషిలా లేడు. చివరికి పదకొండో అధ్యాయం పూర్తిచేసి, మాకు చదివి, చుట్టి డబ్బాలో పెట్టాడు. ఇక తెల్లకాగితాల మీద ఎత్తిరాయడమే మిగిలింది. తొమ్మిది రోజుల గడువుంది.

ఆ మర్నాడే స్కూలు యూనిఫారాల పని వచ్చి పడింది. బావ గుండీలకని బజారుకెళ్లాడు. నేను డబ్బాలోంచి ఒక చుట్ట లాగి, మళ్లీ చుట్టుకుపోకుండా బోర్లా పరిచాను. మేమంతా అలాగే పరుస్తాం. పైన ఖాళీగానే ఉంది. గీతలు గీసి, కాలర్లు, చేతులు, వీపుల నమూనాలు చకచకా కత్తిరించేశాను. మిగిలిన పీలికలు ఊడ్చి చెత్తబండిలో వేసేశాను. బావ వచ్చి ఒక కాలరు ముక్క తీసి తిరగేశాడు. వెనకంతా ఆయన పెన్సిలు అక్షరాలే, పదకొండో అధ్యాయం.

"తిట్టు బావా. రెండు తగిలించు. అలా చూడకు" అని ఏడ్చాను. ఆయన తిట్టలేదు. ముక్కలన్నీ బల్ల మీద పేర్చి చూశాడు. సగానికి సగం పోయింది. తర్వాత స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు విన్నావుగా. గుర్తున్నంత వరకూ చెప్పు."

చెప్పాను. ఆమె అంట్లు తోమడం, రైలు వెళ్లాక గేటు ఎత్తడం, రోడ్డు పట్టడం.

"మధ్యలో ఎందుకు వెళ్లాలా అని చాలాసేపు ఆలోచిస్తుంది. అదేదీ?"

"గుర్తులేదు."

"ఒక్క కారణం కూడానా?"

"నేనవి నమ్మలేదు బావా!" నోరు జారింది. ఇక ఆగలేదు. "వెళ్లే మనిషి అవన్నీ లెక్కేసుకోదు. నేను వచ్చేసిన రోజు మా ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. టీ తాగి గ్లాసు నా చేతికిచ్చాడు, నా మొహం చూడకుండా. రోజూ అంతే. ఆ గ్లాసు కడిగి బోర్లించాను. పొయ్యి ఆపానో లేదో రెండుసార్లు చూసుకున్నాను. వచ్చేశాను."

ఏడేళ్లలో ఎవరికీ చెప్పని మాట అది.

"ఇది నీది. రాయమంటే రాస్తాను. వద్దంటే పుస్తకం ఇక్కడితో వదిలేస్తాను."

పదేళ్ల కష్టం అది. ఊరికే అన్నమాట కాదని నాకు తెలుసు. బావ మాట కోసం మాట అనే మనిషి కాడు. ఆయన మీద నాకెంత గౌరవముందో ఆ క్షణాన నాకే తెలిసింది. "వదిలేస్తే నేనూరుకుంటానా? రాయి. నా పేరు మాత్రం ఎత్తావో, చూసుకో" అన్నాను.

ఆరు పొద్దులు రాశాడు. ఈసారి మాకు చదవలేదు. గడువుకి రెండు రోజుల ముందు పోస్టు చేశాడు. రెండు నెలలకి జవాబొచ్చింది, వేస్తామని. మిషన్లు బాగుచేసేవాడు వచ్చి చెయ్యి కలిపి వెళ్లాడు, సిగ్గులేకుండా.

పుస్తకం వచ్చాక మొదటి ప్రతి నాకే ఇచ్చాడు. అక్క రెండు రోజులు మూతి ముడుచుకుంది. నేను మిషను ఆపి తిన్నగా చివరి అధ్యాయం తీశాను. గ్లాసుంది, పొయ్యి ఉంది. గేటు కాపలావాడి భార్య ఇల్లు దాటి రోడ్డు మలుపు దాకా వెళ్తుంది. అక్కడ వంగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ, ఎవరైనా పిలవడానికి వస్తారేమోనని కాసేపు ఆగుతుంది. ఎవరూ రారు.

వచ్చేసిన ఆ రోజు మలుపు దగ్గర నేనూ ఆగాను. ఆ సంగతి బావకి నేను చెప్పలేదు.