ఆగని కారే వింత కారు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులొస్తే చాలు, అమ్మ చేపల గంప వెనకాలే నేనూ అన్నా హైవేకి బయలుదేరేవాళ్ళం. మాది శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు ఊరు. నాన్న వేటకెళ్ళి తెచ్చిన చేపల్ని అమ్మ రోడ్డు పక్కన కల్వర్టు దగ్గర కూర్చుని అమ్మేది.

అమ్మ పద్ధతి ఒకటే. దూరాన కారు కనబడగానే గంపలోని పెద్ద చేపని తోక పట్టుకుని పైకెత్తేది. కావాల్సినవాళ్ళు ఆగేవాళ్ళు... అక్కర్లేనివాళ్ళు లోపల్నుంచే చెయ్యూపి పోయేవాళ్ళు. అరుపుల్లేవు, బతిమాలడాల్లేవు.

మా పని వేరు. వింత కార్లు లెక్కపెట్టడం!

ఏది వింత కారో తేల్చాల్సింది మా అన్న ఎర్రయ్య. నాకంటే మూడేళ్ళు పెద్ద, పైగా శబ్దం విని కారు పేరు చెప్పేస్తాడు, అంచేత జడ్జీ వాడే. ఆ కారు పేరు వాడికి కూడా తెలియకూడదు... అది మొదటి షరతు. నేల మీద పాకుతున్నట్టు కిందికి ఉండాలి. కనబడకముందే చప్పుడు వినబడాలి. తలుపులు రెండే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు... ఆగకూడదు. ఆగి చేపలు కొన్నదంటే, అదెంత గొప్ప కారైనా సరే, అన్న లెక్కలోంచి కొట్టేసేవాడు.

ఒకసారి పొడవాటి నల్ల కారొకటి ఆగింది. అందులోంచి ఓ పెద్దాయన దిగి, బేరమాడి మరీ చందువలు కొన్నాడు. నేను గంతులేస్తూ కల్వర్టు గోడ మీద బొగ్గుతో గీత గీశాను. అన్న వచ్చి తడిచేత్తో చెరిపేశాడు.

"ఏటన్నియ్యా, అంత గొప్ప కారుని సెరిపీసావేటి?" అన్నాను ఏడుపు మొహం పెట్టి.

"సేపలు కొనీసినాక మరింక వింతేటే? ఇప్పుడది మన కారే గదే!"

అమ్మ పడీపడీ నవ్వింది. "మన కార్లో మన సేపలు ఎల్తన్నాయి, సూడండర్రా" అంది. ఆ నవ్వు నాకింకా వినబడుతూనే ఉంటుంది.

ఆ మరుసటి ఏడు ఎండాకాలం గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడడం లేదు...

మిట్టమధ్యాహ్నం. గంపలో ఒక్క వంజరమే మిగిలింది. అది అమ్ముడయ్యాక ఇంటికెళ్ళిపోదామని అమ్మ ఎండలోనే కూర్చుంది. "కళ్ళు తిరగతన్నాయిరా" అంటూ కల్వర్టు గోడకి జారబడింది... మరి లేవలేదు. పిలిస్తే మూలుగుతోంది. నేను అమ్మ కొంగు తడిపి మొహం తుడుస్తూ ఏడుస్తున్నాను.

అన్న గంపలోంచి ఆ వంజరాన్ని తీసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. రెండు చేతులతో తోక పట్టుకుని పైకెత్తాడు. కారు ఆపాలంటే మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే మరి!

కార్లు వస్తున్నాయి... లోపల్నుంచి చెయ్యూపి పోతున్నాయి. "మాయమ్మ పడిపోనాది! మాయమ్మ పడిపోనాది!" అని అన్న అరుస్తూనే ఉన్నాడు. అద్దాలు బిగించుకున్నవాళ్ళకి ఆ అరుపేం వినబడుతుంది? వాళ్ళకి కనబడింది చేప అమ్ముకునే కుర్రాడే.

అప్పుడొచ్చింది. కనబడకముందే చప్పుడు... పసుపు పచ్చ కారు... నేల మీద పాకుతూ... రెండే తలుపులు. మూడు ఎండాకాలాలు మేం ఎదురుచూసిన కారు. అన్న దానికి ఎదురెళ్ళాడు. అది నెమ్మదించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అద్దం వెనక ఒక చెయ్యి "వద్దు, వద్దు" అన్నట్టు ఊగింది. కారు పక్కకి తప్పుకుని వెళ్ళిపోయింది.

చివరికి ఐసు పెట్టెల వ్యాన్ ఒకటి ఆగింది. ఆ డ్రైవరు చేప వంక చూడలేదు, అన్న మొహం చూశాడు. పెట్టెల మధ్య అమ్మని పడుకోబెట్టుకుని శ్రీకాకుళం బయల్దేరాం. నాగావళి వంతెన దాటకముందే అమ్మ వెళ్ళిపోయింది.

ఆరోజు ఆగకుండా పోయిన కార్లని అన్న లెక్కపెట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది... ఎన్నో మాత్రం నాకు ఇప్పటికీ చెప్పలేదు. అమ్మ దినం అయ్యాక ఒకే ఒక్క మాటన్నాడు. "సేప పారీసి ఉత్త సేతులెత్తుంటే ఆగుదురేమోనే, సెల్లీ."

వాడికప్పుడు పన్నెండేళ్ళు. ఆ తర్వాత వాడు కార్ల మాటెత్తలేదు.

ఇప్పుడు నేను విజయనగరంలో టీచర్ని. పోయినేడాది సెకండ్ హ్యాండులో చిన్న కారు కొనుక్కున్నాను. అన్న మా వైపు చాలామంది మగాళ్ళలాగే గుజరాత్ బోట్ల మీద వేటకెళ్తాడు.

మొన్న ఊళ్ళో పెళ్ళికని అదే రోడ్డు మీద వెళ్తున్నాను. అద్దాలు బిగించి ఏసీ వేసుకున్నాను. దూరాన ఒక పిల్ల చేపని పైకెత్తింది. నా చెయ్యి దానంతటదే ఊగింది... వద్దు, వద్దు అని.

కొంచెం దూరం పోయాక ఆ చెయ్యి వంక చూసుకున్నాను. యూటర్న్ వెతుక్కుని వెనక్కొచ్చి, అద్దం దించి, "ఎవరికైనా ఏమైనా అయిందా అమ్మా?" అనడిగాను. ఆ పిల్ల నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"ఏటీ అవనేదండీ. సేపలు అమ్ముతన్నాం. కావాలేటండీ?"

పక్కనే వాళ్ళమ్మ, నిక్షేపంగా కూర్చుని నవ్వుతోంది. ఆ చేప కొనుక్కుని, కారు పక్కకి పెట్టుకుని, చాలాసేపు ఏడ్చాను.

బోటు రేవుకొచ్చిందని అన్న ఫోన్ చేసినప్పుడు అంతా చెప్పాను.

"అద్దం దించేవేటే?" అనడిగాడు.

"దించేనన్నియ్యా."

"సేప కొన్నావా?"

"కొన్నాను."

"అయితే నీది వింత కారు కాదులేవే... మన కారే."

ఇప్పుడా రోడ్డు వెడల్పయిపోయింది. మా కల్వర్టు జాడే లేదు. వింత కార్లు రోజూ పోతుంటాయి, లెక్కపెట్టే పిల్లలే లేరు... మీ చిన్నప్పుడు మీకోసం ఆగిన బండి ఏదైనా ఉంటే కింద రాయండి. అన్నకి చదివి వినిపిస్తాను... ఈసారి ఆగినవాటిని లెక్కపెట్టుకుంటాడు.